మా వంతు నీళ్ళు

రేపల్లె దాటాక కాలువ చిట్టచివర మా పొలం. మా అమ్మ ఇచ్చిన పొలం కాబట్టి నీటి సంఘంలో ఓటు నాది, ఉపన్యాసాలు మా ఆయనవి. పై ఊళ్ళకు కొన్నాళ్ళు, మా శివారుకు కొన్నాళ్ళు అని నీళ్ళు వంతులవారీగా వదిలేవారు. వంతు రాని రోజుల్లో మా ఆయన ఆ పద్ధతిని తిట్టని పూట లేదు.

అందుకే సంఘానికి వచ్చిన కొత్త ప్రెసిడెంటు మా ఆయనకు దేవుడిలా కనిపించాడు. తెనాలి వైపు పై ఊరి మనిషి, నోరు మంచిది. గెలిచిన వారంలోనే షామియానా వేయించి, అందరికీ భోజనాలు పెట్టించి, మైకు పట్టుకున్నాడు.

"రైతుకి వంతేంటండి? నా రైతు నీళ్ళ కోసం రోజులు లెక్కపెట్టుకోవాలా? ఎవరికి ఎప్పుడు కావాలంటే అప్పుడే. ఇక ఈ మీటింగులు కూడా వద్దు. ఏం కావాలన్నా నాకు ఫోన్ చేయండి."

చప్పట్లు మోగిపోయాయి. ఒప్పుకున్నవాళ్ళు లేచి నిలబడమన్నారు. నేను ఆలోచిస్తూ కూర్చుంటే మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని పైకి లేపాడు. అలా నా ఓటూ పడింది.

వానలున్నన్నాళ్ళు ఏ తేడా తెలియలేదు. తీరా వరి పొట్ట మీదున్నప్పుడు వానలు మొహం చాటేశాయి. పై ఊళ్ళవాళ్ళు తూములు మూయడం మానేశారు. వాళ్ళనేం అంటాం, ఎప్పుడు కావాలంటే అప్పుడే కదా. మా దగ్గర కాలువ అడుగున బురద నెర్రెలు విచ్చింది. ఫోన్ చేస్తే ప్రెసిడెంటు ఎంతో ప్రేమగా "ఇప్పుడే చెప్తానక్కా" అనేవాడు. నీళ్ళు మాత్రం రాలేదు. ఆ పంట పోతే మాకు ఏడాదంతా పోయినట్టే. మా ఆయన అన్నం కెలికి లేచిపోతుంటే నాకు ఆయన మీద కోపం పోయి భయం పట్టుకుంది.

పక్క పొలం సాయిబు గారిని నేను బాబాయ్ అంటాను. ఆయన ఒకరోజు మా ఇంటికి వచ్చాడు.

"ఫోన్లు చాలమ్మాయ్. సభ్యులు అడిగితే మీటింగు పెట్టి తీరాలని రూలుంది. పద, బాపట్ల పోయి అడుగుదాం."

శివారు వాళ్ళందరం సంతకాలు పెట్టి బాపట్ల ఇరిగేషన్ ఆఫీసులో ఇచ్చాం. అక్కడి ఆఫీసరు చదివి, ప్రెసిడెంటుకు ఇష్టమున్నా లేకపోయినా మీటింగు జరగాల్సిందే అన్నారు.

మీటింగుకు పై ఊళ్ళవాళ్ళే ఎక్కువమంది వచ్చారు. ఓడిపోతామనే అనుకున్నాను, అయినా కొంగు బిగించి కూర్చున్నాను. ఈలోగా ప్రెసిడెంటు ఊరి రైతే, ఒకావిడ, లేచింది.

"ఇవాళ ఆయన మావాడు కాబట్టి సరిపోయిందండి. రేపు కింద ఊరాయన గెలిచి మా తూములు మూయిస్తే మేం ఎవరికి ఫోన్ చేయాలి? నాకు వంతే కావాలండి."

వంతు కావాలని లేచిన చేతులే ఎక్కువ. ప్రెసిడెంటు మొహం మాడిపోయింది. కానీ మైకు లాక్కోలేదు, లెక్క తప్పని వాదించలేదు. "సరేనండి, మీ ఇష్టం" అని సంతకం పెట్టాడు. అప్పుడుగానీ నాకు ఊపిరాడలేదు. టీవీలో పెద్ద పెద్దవాళ్ళ అరుపులు విని ఈ దేశం ఏమైపోతుందోనని రోజూ దిగులుపడే మనిషిని. ఓడినవాడు ఓడానని ఒప్పుకోవడం చూస్తే ఇంత హాయిగా ఉంటుందని అనుకోలేదు.

మా వంతు మొదలైన పొద్దున నీళ్ళు చెత్తనూ నురగనూ తోసుకుంటూ వచ్చాయి. మా ఆయన లుంగీ ఎగ్గట్టి గట్టుకు గండి తీశాడు, మేం దాన్ని మడవ అంటాం. పైరు తడుస్తుంటే గట్టు మీద నిలబడి ఏడ్చేశాను. ఎవరు చూసినా చూడనీ అనుకున్నాను.

సాయంత్రానికి మా వేళ అయిపోయింది. తర్వాతి వంతు బాబాయిది. మా పొలంలో ఒక మూల ఇంకా సగమే తడిసింది. మా ఆయన ఆ మూలకేసి చూశాడు, నావైపు చూశాడు. కాసేపటికి ఆయనే పార తీసుకుని, మట్టి వేసి, కాలితో తొక్కి మడవ కట్టేశాడు.

"బాబాయ్ గారూ, ఇక మీదేనండి" అని కేకేశాడు.