రామలక్ష్మమ్మ ప్లేటు

చింతామణి ఊళ్ళో వేరుశనగ వ్యాపారి గంగాధరప్పకు ఇద్దరే పిల్లలు. ఊరు మాత్రం ముగ్గురనేది. మూడోది గ్రామఫోను. ఏ పెళ్ళికి పిలిచినా దాన్ని తానే ఎత్తుకుపోయేవాడు, ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

ప్లేట్లెన్ని ఉన్నా అందరూ అడిగేది ఒక్కటే, గంగాధరప్ప అక్క రామలక్ష్మమ్మ పాడిన హారతి పాట. బెంగుళూరికొచ్చిన ప్లేట్ల కంపెనీవాళ్ళు ఆమె చేత ఒక్కసారి పాడించారు. మరుసటేడే గొంతుకు జబ్బు చేసి ఆమె మాట గుసగుసైపోయింది. ఆ కంపెనీ కూడా ఎత్తేశారు. ఇంకో ప్లేటు ఎంత వెతికినా దొరకలేదు. అక్క గొంతు లోకంలో మిగిలింది ఆ లక్క ప్లేటు మీదే.

యుద్ధం వచ్చాక సూదులు గగనకుసుమాలయ్యాయి. పారెయ్యవలసిన సూదినే గంగాధరప్ప సానరాయి మీద నూరి మళ్ళీ బిగించేవాడు. కక్కుర్తి అనండి, మొండితనం అనండి. ఆ సూది ప్లేటు మీది గీతల్ని కొరుక్కుతినేసింది. పాటలో బుస మొదలైంది. రెండో చరణం దగ్గర సూది వెనక్కి జారి ఒకే వరుస రెండుసార్లు పలికేది. అక్క గొంతును తన చేత్తోనే అరగదీశానని తెలిసిన రోజు ఆయనకు అన్నం సయించలేదు. ప్లేటును పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో దాచేశాడు.

సాదలి నుంచి పెళ్ళిపిలుపు వచ్చినప్పుడు రామలక్ష్మమ్మే అడిగింది. "నా ప్లేటు యాడ పెట్నావురా?"

"అది బయటికి రాదక్కా. ఇంగో నాలుగు పెండ్లిండ్లయితే నీ గొంతు మిగల్దు."

"పెట్టెలో ఉంటే మాత్రం ఎవురికి మిగిల్నట్టురా? పెండ్లిండ్లలో వినేకే గదా పాడింది. తీసుకురా."

అక్క మాట కాదనలేక ప్లేటునూ, అక్కనూ సాదలికి తీసుకుపోయాడు.

హారతి వేళకు కీ ఇచ్చి సూది ఆనించాడు. రెండు మాటలు వినబడ్డాయి, ఆ తరువాత అంతా బుసే. ఇక అయిపోయిందని గంగాధరప్ప కళ్ళు మూసుకున్నాడు.

హారతి పళ్ళెం పట్టుకున్న పెళ్ళికూతురి మేనత్త పుట్టమ్మ పాట అందుకుంది. వెనకే ఆడవాళ్ళంతా గొంతు కలిపారు. ఏళ్ళ తరబడి ఆ ప్లేటు విని విని నేర్చిన పాట. రామలక్ష్మమ్మ ఊపిరి తీసుకున్నచోటే వాళ్ళూ ఆగారు. రెండో చరణంలో ఆ వరుసను రెండుసార్లు పాడి ముందుకు పోయారు.

పాట ముగిశాక గంగాధరప్ప ఉండబట్టలేకపోయాడు. "ఆ వరస ఒగతూరే గదమ్మా పాడాల్సింది!"

"మీయక్క రెండుతూర్లు గదప్పా పాడిండేది. మేము మార్చలేదు," అంది పుట్టమ్మ.

గంగాధరప్పకు తల కొట్టేసినట్టయింది. అక్క వైపు చూడలేక చూశాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు, ముఖంనిండా నవ్వు.

"ఇంగోతూరి పాడండమ్మా," అంది గుసగుసగా.

పాడారు. రెండో చరణంలో, వాళ్ళతోపాటే, రామలక్ష్మమ్మ కూడా ఆ వరుసకు రెండుసార్లు పెదవులు కదిపింది.