వెనక్కి పారిన క్రీక్

మా ఇంటి వెనకున్న క్రీక్‌ని వాగు అనడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు. వాగన్నాక గలగలమనాలి. ఇది బ్లాక్‌టౌన్ అనే పట్నం అవతలి పల్లపు నేలలో, డికాక్షన్ రంగు నీళ్ళతో, ఒళ్ళు బరువైనట్టు వంపులు తిరుగుతూ ఉత్తరాన పెద్ద నదిలో కలుస్తుంది. ఎటు పారుతోందో తెలియాలంటే ఒక ఆకు వేసి కాసేపు నిలబడి చూడాలి. ఈ నేల అసలు మనుషులైన ఆదివాసులు ఇందులో మలుగు చేపలు పట్టేవారట. వాళ్ళను వెళ్ళగొట్టి వచ్చిన తెల్లవాళ్ళు ఒడ్డున చెట్లు నరికి మొక్కజొన్న వేశారు. ఆ తర్వాత కూరగాయల తోటలు, కోళ్ళ ఫారాలు వచ్చాయి. చివరికి మా ఇళ్ళు.

పక్కింటి అంకుల్ ఫిజీ తెలుగువారు. వాళ్ళ తాతలు గోదావరి వైపు నుంచి చెరకు కొట్టడానికి వెళ్ళారు. అక్కడ సైన్యం భారతీయులున్న ప్రభుత్వాన్ని కూలదోశాక ఆయన ఆంటీతో ఇక్కడికి వచ్చేశారు. ఆయన తెలుగు తాతల నాటిది, మధ్యమధ్య హిందీ. కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళేవారు. నేను జీపీని, అంటే ఫ్యామిలీ డాక్టర్ని కాబట్టి ఏ చిన్న బాధకైనా నన్నే పిలిచేవారు.

ఆ ఏడాది రోజుల తరబడి కురిసిన వానలు ఆగి ఎండ కాసింది. గండం గడిచిందనుకున్నాం. మర్నాడు పొద్దున మావారు పెరట్లోంచి కేకేశారు.

"ఒకసారి ఇలా రా! క్రీక్ రివర్స్‌లో వస్తోంది!"

నిజమే. కొట్టుకొస్తున్న కొమ్మలు నది వైపు పోవడం లేదు, నది నుంచి మా వైపు వస్తున్నాయి. కింద ఎక్కడో నది కొండల మధ్య ఇరుకు దారిలో పడాలి. అక్కడ పట్టని నీరంతా వెనక్కి తన్ని క్రీకుల్లోకి ఎక్కుతుంది. చప్పుడు లేదు, ఉరవడి లేదు. మధ్యాహ్నానికి బయటికి పోయే రెండు రోడ్లూ మునిగాయి. కాస్త మెరక మీదున్న మా వీధి దీవి అయింది. కరెంటు పోయింది. ఆ రోజు అంకుల్‌కి డయాలసిస్ ఉంది.

వరద సహాయం వాళ్ళకి ఫోన్ చేస్తే, ఇంటి కప్పుల మీద ఉన్నవాళ్ళని ముందు దించాలి, ఓపిక పట్టండి అన్నారు.

అంకుల్‌నీ ఆంటీనీ మా ఇంటికి తెచ్చుకున్నాం. నా దగ్గర చేయడానికి ఏమీ లేదు. పొటాషియం పెరిగితే గుండెకి ముప్పని అరటిపండు వద్దు, టమాటా వద్దు అనడం, నీళ్ళు కొలిచి ఇవ్వడం, అంతే. రెండో రోజుకి ఆయన పాదాలు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరి ఆడక కుర్చీలోనే ఉండిపోయారు. కిటికీ బయట కంచె దాకా నీళ్ళు.

"ఒక్క గుక్క, బేటీ. నోరు ఎండిపోతాంది."

"వద్దు అంకుల్. ఇప్పుడు నీళ్ళు తాగితే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి."

ఆయన నన్ను కోపంగా చూడలేదు. బతిమాలుతున్నట్టు చూశారు. అది ఇంకా కష్టం. ఆంటీ వంటింట్లో చాటుగా టీ కలుపుతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"చావనిస్తావు గాని తాగనివ్వవా?" అని ఆవిడ ఏడ్చింది. నేను తడిగుడ్డతో ఆయన పెదాలు తుడిచి బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండటానికి అదొక్కటే చోటు.

మూడో రోజు మధ్యాహ్నం బోటు వచ్చింది. దారిలో ఊపిరి ఆగితే చూసుకోవడానికి నేనూ ఎక్కాను. ఆంటీకీ చోటిచ్చారు. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి, "మమ్, వెన్ ఆర్ యూ కమింగ్ బ్యాక్?" అంది. సాయంత్రానికి వచ్చేస్తానన్నాను.

కంచె గుంజల మీద ప్రాణభయంతో ఎక్కిన సాలీళ్ళు నల్లగా గుత్తులు కట్టి ఉన్నాయి. అంకుల్ నా భుజానికి ఆనుకుని రొప్పుతున్నారు. అవతలి ఒడ్డున అంబులెన్స్ సిద్ధంగా ఉంది. సాయంత్రానికి ఆయనకి మెషీన్ పెట్టారు. బతికారు.

నన్ను వెనక్కి తీసుకెళ్ళే బోటు మాత్రం లేదు. నీళ్ళు చుట్టుముట్టిన చోటికి ఎవరినీ తిరిగి పంపం అన్నారు. బ్లాక్‌టౌన్‌లో ఆంటీ వాళ్ళమ్మాయి ఫ్లాట్‌లో, వాళ్ళ బట్టలు కట్టుకుని వారం పైన ఉన్నాను. ఛార్జింగ్ కోసం మావారు కారు స్టార్ట్ చేసినప్పుడే ఫోన్. మా అమ్మాయి, "ఐయామ్ ఫైన్, మమ్," అని పెట్టేసేది. నీళ్ళు ఎంత మెల్లగా వచ్చాయో అంతకంటే మెల్లగా తీశాయి.

అంకుల్ మా పక్కింటికి మళ్ళీ రాలేదు. కూతురు ఒప్పుకోలేదు. మొన్న ఆదివారం మూడో అంతస్తులో ఉన్న ఆ ఫ్లాట్‌కి వెళ్ళాను. ఆంటీ నాకు టీ ఇచ్చి, పక్కన కూర్చుని నా చెయ్యి నిమిరింది. అంకుల్ బాల్కనీలోంచి కింద కార్ పార్క్ చూస్తున్నారు.

"ఎలా ఉంది అంకుల్ ఇక్కడ?"

"బాగుండాది బేటీ," అన్నారు, ఇటు తిరగకుండానే. "లిఫ్ట్ ఉండాది. ఎక్కడికి పోవాలో అదే తెలవదు."