మైకు గొంతు తగ్గించిన వైనం

ఆ గొంతు చూసి మైకు అని పిలవడమే తప్ప, ఆయన అసలు పేరు పేటలో ఎవరికీ గుర్తులేదు. తండ్రి నాగలి వదిలేసి మిల్లులో చేరాడు. మైకు అదే మిల్లులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు మగ్గాలు నడిపాడు. రెండొందల మగ్గాలు ఒక్కసారిగా ఆడే షెడ్డులో గొంతు చించుకున్నా మాట వినబడదు. అందుకే అక్కడివాళ్ళు పెదాలు చూసి మాట పట్టేసేవాళ్ళు. ఆ మూల ఒకడు జోకేస్తే ఈ మూల వీళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. చెవులు ఎప్పుడు పోయాయో మాత్రం ఎవరూ చూసుకోలేదు.

మిల్లు మూతపడింది. తిరిగి పొలానికి పోదామంటే అక్కడి కూలిపనుల్ని యంత్రాలు ఎప్పుడో మింగేశాయి. ఇక మిగిలినవల్లా నవ్వుతూ పలకరించే ఉద్యోగాలే. పెద్ద బట్టల షాపులో గుమ్మం దగ్గర నిలబడే పని దొరికింది. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. ఇదీ పోతే యాభై దాటిన మనిషిని ఇంకెవరూ రానివ్వరని ఇంటిల్లిపాదికీ తెలుసు.

మొదటిరోజు "రండమ్మా!" అన్నాడు. ఓ చంటిపిల్ల ఏడుపు లంకించుకుంది.

"నాన్నా, అక్కడ మగ్గాల్లేవు, మెల్లగా!" అంటూ కూతురు రోజూ వంటింట్లో తర్ఫీదిచ్చింది. తన గొంతు తనకే వినబడని మనిషికి మెల్లగా అంటే ఏం తెలుస్తుంది, నా తలకాయ! చివరికి కంఠం మీద వేలు పెట్టుకుని, ఆ అదురు చూసుకుంటూ సాధించాడు మహానుభావుడు.

ఎదురుగా మాట్లాడితే ఒక్క మాట పొల్లుపోయేది కాదు. వెనకనుంచి పిలిచేవాళ్ళతోనే వచ్చింది చావు. నాలుగుసార్లు పిలిచినా పలకలేదని ఒకావిడ మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

మూడో నెల ఆఖరివారం. అద్దాల గదిలో తలుపేసుకుని మేనేజరు, సూపర్‌వైజరు మాట్లాడుకుంటున్నారు. షాపులో ఎవరికీ వినబడదు. గుమ్మం దగ్గరున్న మైకుకి మాత్రం మాట మాటా అందుతోంది.

"మంచోడు సార్, పాపం."

"మంచోడే. చెవులే లేవు. సాయంత్రం చెప్పేయండి."

పెదాలు చదివే ఆ విద్య మీద అంత రోత ఆయనకి ఎన్నడూ పుట్టలేదు. సాయంత్రం దాకా కంఠం మీద వేలుంచుకుని, వచ్చినవాళ్ళందర్నీ మెత్తగా పిలుస్తూనే ఉన్నాడు.

సూపర్‌వైజరు రావడం చూసి కళ్ళు నేలకి దించేశాడు. చూడకపోతే ఆ మాట చేరదు కదా. ఆ అబ్బాయి మంచివాడు. వంగి, ఆయన మొహానికి ఎదురుగా మొహం పెట్టి, ఒక్కో మాటా విడమరిచి చెప్పాడు. మూడు నెలల్లో ఆయనతో ఎవరూ అంత స్పష్టంగా మాట్లాడలేదు.