ఆముదం పట్టించిన బెల్టు

ఆ రోజుల్లో మా ఇంట్లో నాకంటే చిన్నాయన కారుకే మర్యాద ఎక్కువ. న్యాయమే. నేను ఇంజనీరింగ్ ముగించి ఇంట్లో కూర్చున్నాను. అది మా ఊరు అత్తిముగం నుంచి హోసూరుకూ కృష్ణగిరికీ బాడుగలు తిరిగి సంసారం నడిపింది. ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో చెప్పలేక మీటరే ఆగిపోయింది. (దాని తప్పు కాదు, అలసిపోయింటుంది.) అయినా దారిలో ఎప్పుడూ నిలబడలేదు. ఏ సామానైనా బాగుండగానే మార్చేయడం చిన్నాయన పద్ధతి. "వానలు పడకముందే గొర్రెలకు మందు పోస్తాం కదప్పా, ఇదీ అంతే" అనేవాడు.

అట్లాంటి రోజుల్లో నాకు హోసూరు ఫ్యాక్టరీ ఒకదాంట్లో ఉద్యోగం వచ్చింది. సోమవారం ఎనిమిదికల్లా రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామని ముందే చెప్పినారు. కార్లో తానే దింపుతానన్నాడు చిన్నాయన. అంత మంచి పనికి పాత బెల్టుతో పోకూడదని, ఆదివారం మెకానిక్‌ను ఇంటికే పిలిపించి, ఇంజను లోపల తిరిగే టైమింగ్ బెల్టు విప్పించినాడు. "అమ్మా, ఆ కొత్త బెల్టు ఇట్ల తే" అని మా అవ్వను కేకేసినాడు.

తెచ్చింది. బెల్టు తళతళ మెరుస్తోంది. ఎద్దుల తోలుపట్టెలకు ఆముదం పట్టిస్తే పగలవు కాబట్టి, పొద్దున్నే ఎండలో కూర్చుని దీనికీ పట్టించిందట. (రెండు పక్కలా. ఆమె ఏ పనీ సగంలో వదలదు.)

మెకానిక్ తమిళాయన. వాసన చూసి, "ఐయ్యో పాట్టీ! నూనె తగిలితే రబ్బరు ఉబ్బి పండ్లు ఊడిపోతాయి" అన్నాడు.

"నాకు ఊడి ఎన్నేండ్లయింది! నేను తిరగడం లేదా?" అనింది అవ్వ.

ఆదివారం, అంగళ్లు మూసినారు. "ఒక్క రోజుకు పాతదే వేయించు చిన్నాయనా" అన్నాను.

"విప్పింది విప్పిందే. దారిలో తెగితే ఇంజనూ పాయె, నీ ఉద్యోగమూ పాయె."

చదువుకున్నవాణ్ణి గనక చాలాసేపు వాదించినాను. ఆయన చదువుకోలేదు గనక వినలేదు.

తెల్లవారి పాలవ్యాను వెనక, క్యాన్ల మధ్య, ఇస్త్రీ చొక్కాతో నేను. పక్కన చిన్నాయన. కారు లేకున్నా దింపుతానన్న మాట ఉంది కదా! నా ప్యాంటు మీదికి జారకుండా ఒక క్యాను దారంతా కౌగిలించుకునే కూర్చున్నాడు. గేటు తెరవకముందే చేరినాము.

సాయంత్రం బయటికొస్తే, చిన్నాయన ఎదుటి టీ అంగట్లో ఇంకా ఆడనే ఉన్నాడు.

"ఉంచుకున్నారా?"

"రేపూ రమ్మన్నారు. నువ్వు ఇంటికి పోలేదా?"

"ఒకవేళ వద్దనేస్తే, నువ్వు ఒంటిగా ఎట్ల వస్తావప్పా?"

నామీద అంత నమ్మకం లేదా అని అలిగి, బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ అలిగిన ఇంజనీరు ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది. చెడకముందే చూసుకునే మనిషి పక్కనే ఉంటే, ఆ మొద్దు దారంతా టమోటా తోటలు చూస్తూ వచ్చినాడు.