తాడు దగ్గర రెండు రూపాయలు

హైవేని నాలుగు వరసలు చేస్తున్న రోజుల్లో అనకాపల్లి పొలిమేరలో ఒక కాంట్రాక్టరు సైటాఫీసులో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. డిగ్రీ అయ్యాక అదే మొదటి ఉద్యోగం. రేకుల షెడ్డు, ఒక ఫ్యాను, ఒక ఫ్యాక్సు మిషను. ఆ ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన సంగతి, ఎవరితోనూ మాట్లాడక్కర్లేకపోవడం. ఇచ్చింది టైపు చేస్తే చాలు. మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక లైబ్రరీ పుస్తకం తెరిచినా అడిగేవాళ్ళు లేరు.

ఊరికి ఇవతల ఒక పాత కల్వర్టు పడగొట్టి కొత్తది కడుతున్నారు. దానికోసం పక్క పొలంలోంచి మట్టిరోడ్డు వేశారు. అందులో బస్సు పడుతుంది, లారీ పడుతుంది. విశాఖ పోర్టు నుంచి ఇనుప ట్యాంకులూ ట్రాన్స్‌ఫార్మర్లూ మోసుకొచ్చే వెడల్పాటి ట్రైలర్లు మాత్రం పట్టవు. నాలుగు రోజులపాటు వాటిని కల్వర్టుకి ముందున్న పెట్రోలు బంకు పక్క ఖాళీ స్థలంలో ఆపాలి. బంకు దాటి కొంత దూరం పోతే రెండు పక్కలా తవ్విన గోతులే, బండి తిప్పుకునే చోటుండదు. ఈ సంగతి డ్రైవర్లకి ముందుగా తెలియజేసే కాగితం రాసే పని నాకు వచ్చింది.

చెప్పుకోకూడదు గానీ, దాన్ని చాలా ఇష్టంగా రాశాను. "వాహనచోదక మహాశయులకు సవినయ విజ్ఞప్తి" అని మొదలుపెట్టి పేజీ నింపాను. "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని అందరూ రాస్తారు కదా అని, "మీ ప్రయాణానికి కలుగుతున్న ఆటంకానికి మా మనసు నొచ్చుకుంటున్నది" అని రాశాను. ఆ వాక్యాన్ని డైరీలో కూడా ఎక్కించుకున్నాను. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకి ఫ్యాక్సు చేశాం. బంకు గోడకి అతికించాం.

మా సూపర్‌వైజర్ గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "బాగా రాసేవమ్మా, శుభలేఖలాగుంది. బండి ఆగితే కదా సదివేది" అన్నారు.

బండి ఆపడానికి ఉపాయం కూడా ఆయనే చెప్పారు. బంకు దగ్గర రోడ్డుకి అడ్డంగా ఎర్రగుడ్డలు కట్టిన తాడు వెయ్యాలి. ఒక చివర స్తంభానికి కట్టి, రెండో చివర ఒక మనిషి పట్టుకోవాలి. మామూలు బళ్ళకి తాడు నేల మీదే ఉంటుంది, ట్రైలరు వస్తే పైకి లేస్తుంది. ఆగిన డ్రైవరుకి కాగితం ఇచ్చి నాలుగు ముక్కలు చెప్పడానికి ఇంకో మనిషి కావాలి. సైట్లో అందరికీ పనులున్నాయి. ఖాళీగా కనిపించింది నేనూ, నా ఒళ్ళో పుస్తకమూ.

తాడు వేసే ముందురోజు సాయంత్రం మా మావయ్య ఇంటికి వచ్చాడు. ఆయనకి రెండెకరాల చెరుకుంది. ఫ్యాక్టరీవాళ్ళ కటింగ్ ఆర్డర్ వచ్చిందనీ, ఆ పూటే చెరుకంతా కొట్టించేశాననీ అమ్మతో చెప్పాడు. తరవాత నా వైపు తిరిగాడు.

"ఏటే కోడలు పిల్లా, మీ మట్టిరోడ్డు మీంచే రేపు నా బళ్ళు రావాల. మద్దేన్నం దాటితే ఫ్యాక్టరీ గేటు దగ్గర వరసలో నా నంబరు పోద్ది. కొట్టిన సెరుకు ఎండిపోతే నేనేటి సేసుకోను?"

"ట్రైలర్లని రానివ్వం మావయ్యా" అన్నాను.

"ఎవురు ఆపుతారు?"

"నేనే" అంటే ఇంట్లో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

మర్నాడు తాడు పట్టుకున్నది ఎస్. రాయవరం నుంచి పనికి వచ్చిన ఒక పెద్దాయన. నేను బాబాయ్ అనేదాన్ని. పదకొండు గంటలకి పెద్ద ఇనుప ట్యాంకు ఒకటి రోడ్డంతా ఆక్రమించుకుని నెమ్మదిగా వచ్చింది. బాబాయ్ తాడు లేపాడు. ట్రైలరు ఆగింది. నేను కాగితాల కట్ట గుండెలకి హత్తుకుని క్యాబిను కింద నిలబడ్డాను.

డ్రైవరు కిందికి వంగాడు. "ఏ అమ్మవారికమ్మా?"

నాకేమీ బోధపడలేదు.

"మాటాడవేటి? ఏ గుడికి సందా?"

చిన్నప్పటి నుంచీ ఎవరైనా ఏ గుడి అంటే నా నోట్లో ఒకటే జవాబు సిద్ధంగా ఉండేది. "మాది చర్చండీ" అన్నాను.

"సర్చికా! మీవోళ్ళు కూడా తాళ్ళు కట్టడం మొదలెట్టేరా? సరేలే, మాకోసం కూడా పేర్థన సెయ్యండి." రెండు రూపాయల బిళ్ళ నా కాగితాల మీద పడింది. తాడు నేల మీద పడింది. ట్రైలరు కదిలిపోయింది.

"తాడెందుకు దించేవు బాబాయ్?"

"డబ్బులిచ్చేడు కదమ్మా" అన్నాడాయన. అని, తన చేతుల వంక చూసుకున్నాడు. "అలవాటమ్మా. మా ఊరి పండక్కి ఏటేటా తాడు పట్టేది నేనే. బిళ్ళ పడితే సెయ్యి దానంతటదే దిగిపోద్ది."

బాబాయికి మోకాళ్ళ నొప్పులు. ఇక నేనే పరిగెత్తాను. ట్రైలరు ఎడ్లబండి కన్నా కాస్త జోరుగా పోతోంది అంతే, అయినా చెప్పులతో అందడం లేదు. చెప్పులు వదిలేశాను. ఈపాటికి మావయ్య బళ్ళు మట్టిరోడ్డు ఎక్కి ఉంటాయి. ఈ ట్యాంకు వాటికి ఎదురెళ్ళి ఇరుక్కుంటే ఇక సాయంత్రం దాకా కదిలేది లేదు. అరవాలి. ఏమని అరవాలి? వాహనచోదక మహాశయా అనా?

"మీ రెండు రూపాయలు తీసుకోండి!" అని అరిచాను. అంత గొంతు నాకుందని నాకే తెలీదు. మళ్ళీ అరిచాను, ఇంకా గట్టిగా.

గోతులు మొదలయ్యే చోటికి కొంచెం ముందు బ్రేకులు కీచుమన్నాయి. డ్రైవరు దిగి వచ్చాడు.

"పదైదేళ్ళుగా ఈ రోడ్డు మీద సందాలిత్తన్నాను. తిరిగిచ్చిన మనిషిని ఇప్పుడే సూత్తన్నాను. సాల్లేదా ఏటమ్మా?"

"ముందు దారి లేదు. మీ బండి పట్టదు. తిప్పుకోడానికి చోటు కూడా లేదు" అన్నాను ఒగరుస్తూ.

"ఈ మూడు ముక్కలూ అక్కడే సెప్పొచ్చు కదా."

"కాగితంలో రాశానండీ."

ఆయన కాగితం తీసుకుని మొదటి రెండు వరసలూ పెదాలు కదుపుతూ చదివాడు. "ఇది అయ్యేసరికి నేను గోతిలో ఉంటాను. మనసు నొచ్చుకున్న సంగతి ఆనక సెప్పమ్మా, ముందు దారి సంగతి సెప్పు" అన్నాడు.

బాబాయ్ "రానీ, రానీ" అంటూ వెనక చూస్తుంటే ట్రైలరు బంకు దాకా వెనక్కి నడిచింది. అది ఖాళీ స్థలంలోకి తిరుగుతుండగానే మావయ్య బళ్ళు వరసగా మట్టిరోడ్డు దాటి వచ్చాయి. మావయ్య ముందు బండి మీద ఉన్నాడు. చెప్పుల్లేకుండా దుమ్ముకొట్టుకుని ఉన్న నన్ను చూశాడు.

"రెండు రూపాయలని అరిసింది నువ్వేనా? ఎవురో బటానీలమ్ముకుంటన్నారనుకున్నాను" అన్నాడు. ఒక చెరుకుగడ లాగి డ్రైవరుకి విసిరి, బండి ఆపకుండానే వెళ్ళిపోయాడు. ఆయన నంబరు పోలేదు.

మధ్యాహ్నం ఆ మూడు ముక్కలే పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయించాం. నా పేజీలో మిగిలిందేమీ లేదు. ముందు కొంచెం బాధగానే ఉంది. తరవాత వచ్చిన ట్రైలరు డ్రైవరు తాడు దాకా రాకముందే బోర్డు చదివేసి, తనంతట తానే బండిని స్థలంలోకి తిప్పుకోవడం చూశాక బాధ తగ్గింది.

ట్యాంకు డ్రైవరు మాత్రం బిళ్ళ తిరిగి తీసుకోలేదు. "సర్చికని ఇచ్చేను, సర్చిలోనే వెయ్యి" అన్నాడు. ఆదివారం కానుక సంచి నా ముందుకి వచ్చినప్పుడు వేశాను. ప్రార్థన కూడా చెయ్యమన్నాడు కదా, ఆయన పేరు అడగడం మరిచిపోయాను. నిజానికి అడిగే ధైర్యం లేకపోయిందని డైరీలో ఉంది. ట్యాంకు బండి ఆయన క్షేమంగా చేరాలని, ఆ పేరుతోనే చేశాను.