కింది వరుసలో ఉన్న పేరు

మా బావది కళ్ళజోళ్ళ షాపు. గోడకి గోడ ఆనుకుని పక్కనే నాది తాళాల షాపు. చూపు మందగించినవాళ్ళు ఆయన దగ్గరికి వస్తారు, తాళంచెవులు పోగొట్టుకున్నవాళ్ళు నా దగ్గరికి వస్తారు. రెండూ జరిగినవాళ్ళు ముందు ఎవరి మెట్లెక్కాలో తెలీక కాసేపు బయట నిలబడతారు. అక్కని పెళ్ళి చేసుకున్న రోజు నుంచీ ఆయన నన్ను ఏడిపిస్తూనే ఉన్నాడు, నేనూ ఊరుకునే రకం కాదు. కాబట్టి ఈ సంగతి చెప్పేటప్పుడు కాస్త వెటకారం దొర్లితే దొర్లుతుంది. కడుపులో మాత్రం ఏమీ లేదు.

బావ షాపులో లోపలి గోడకి అక్షరాల బోర్డు ఉంటుంది. పైన అరచెయ్యంత అక్షరం, కిందికి పోయేకొద్దీ నలకంత. కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇదా?" అని ఓపిగ్గా అడుగుతాడు. ఆయన చెప్పే ముచ్చట ఒకటుంది. కనబడని వరుస దగ్గరికొచ్చాక ఒక్కడూ కనబడలేదని ఒప్పుకోడట. గొంతు పెంచి మరీ ఏదో ఒక అక్షరం అనేస్తాడట. బావ వాళ్ళని ఏమీ అనడు. "మంచిది" అని అద్దం మారుస్తాడు.

ఇంత తెలిసిన మనిషి, పాటల విషయంలో సరిగ్గా ఆ పనే చేశాడు.

ఏటా చలి తగ్గాక మైదానంలో మ్యూజిక్ ఫెస్టివల్ జరుగుతుంది. పెళ్ళి కాకముందు నుంచీ బావ దానికి వెళ్ళేవాడు. పెళ్ళయ్యాక అక్కని తీసుకెళ్ళాడు, ఆమె వద్దన్న ఏడు నన్ను లాక్కెళ్ళాడు. పోస్టరు పడగానే పై నుంచి కింది దాకా ప్రతి పేరుకీ ఒక కథ చెప్పేవాడు. ఈ గ్రూపులో డ్రమ్ములు వాయించేవాడు అంతకుముందు ఏ గ్రూపులో ఉన్నాడు, ఎవరితో పడక బయటికి వచ్చాడు, ఆ పడకపోవడానికి కారణమైన అమ్మాయి ఎవరు, అన్నీ. మా వీధిలో కుర్రాళ్ళు ఆయన్ని అడిగే టికెట్లు కొనేవాళ్ళు.

ఆ తర్వాత ఏమైందో ఆయన్నడిగితే ఇప్పటికీ చెప్పలేడు. మానేద్దామని అనుకున్నది లేదు. ఒక ఏడు షాపులో పని, ఒక ఏడు మోకాళ్ళు. ముందు పోస్టరు కింది వరుసలో పేర్లు తెలియకుండా పోయాయి. కొత్తవాళ్ళు కదా అనుకున్నాడు. తర్వాత మధ్య వరుసలు పోయాయి. చూపు పోయేది కూడా ఇలాగే, కింద నుంచి పైకి. ఒకానొక ఏడు అన్నిటికన్నా పైన, అరచెయ్యంత అక్షరాలతో ఉన్న పేరు చూసి "ఇదేంట్రా, ప్రెస్సువాడు పొరపాటు పడ్డాడా?" అన్నాడు. పక్కనే ఉన్న కుర్రాడు నవ్వాపుకోలేక షాపు బయటికి పోయాడు.

అప్పట్నుంచీ ఎవరు ఏ పేరు చెప్పినా బావ తల ఊపడం మొదలెట్టాడు. "విన్నావా అంకుల్?" అంటే "ఆ, బాగుంది" అనేవాడు. ఎన్నాళ్ళో అలా గడిచిపోయింది, ఎవరికీ నష్టం లేదు. కానీ ఈ ఏడు మా మేనకోడలు షాపుకొచ్చింది.

పగలంతా ఒక ఆఫీసులో ఫోన్లెత్తే ఉద్యోగం ఆ పిల్లది. సాయంత్రాలు ముగ్గురు స్నేహితులతో కలిసి ఎవరిదో కారు షెడ్డులో పాడుకుంటుందని మాకు తెలుసు, అంతే. నేను టీ గ్లాసులు పట్టుకుని అప్పుడే లోపలికి వెళ్ళాను. బావ మిషను మీద అద్దం అంచు అరగదీస్తున్నాడు.

"నాన్నా, మాకు ఫెస్టివల్లో చోటిచ్చారు. రెండో స్టేజి. గ్రూపుకి పేరు కూడా పెట్టేశాం," అంటూ ఆ పేరు చెప్పింది. సరిగ్గా అప్పుడే మిషను కీచుమని గీపెట్టింది. నాకు వినబడలేదు. బావకి అంతకన్నా వినబడలేదు.

"బాగుందమ్మా, చాలా బాగుంది," అన్నాడు బావ.

"నిజంగానా? పేరు నీకు నచ్చదేమో అనుకున్నా."

"నచ్చకపోవడమేంటి? భలే పేరు."

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. అంత వెలిగిన మొహాన్ని పట్టుకుని, ఇంతకీ ఆ పేరేంటమ్మా అని ఏ తండ్రి అడుగుతాడు? బావ అడగలేదు. మర్నాడూ అడగలేదు. ఎంత ఆలస్యమైతే అంత అడగరానిదైపోయింది. అక్కని బతిమాలితే "చెప్పింది నీకు. నీ కూతుర్ని నువ్వే అడుగు. నేను మధ్యలో దూరను," అని ఖరాఖండిగా చెప్పేసింది. పాతికేళ్ళుగా తను చెప్పే ప్రతిదానికీ ఆయన "ఊఁ" కొట్టడం భరించిన మనిషి ఆమె. నాకు బావ మీద జాలేసింది కానీ అక్కని తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు.

ఇక మిగిలింది పోస్టరు. మా రెండు షాపుల మధ్య స్తంభానికి అతికించి ఉంది. బావ చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందు నిలబడేవాడు. కింది వరుసల్లో ఏదో ఒకటి ఆయన కూతురి గ్రూపు. ఆయనకి ఎన్ని పాయింట్ల అద్దం కావాలంటే అన్ని చేతిలో ఉన్నాయి, అక్షరం అక్షరం స్పష్టంగా కనబడుతోంది, ఒక్క ముక్క అర్థం కావడం లేదు. 'తడి గోడ'. 'చార్జర్ ఉందా'. 'పక్కింటి జనరేటర్'. 'తాళంచెవి పోయింది'.

"ఇది నా దగ్గరికి రావలసిన కేసు బావా," అన్నాను ఆఖరిదాన్ని చూపించి. బావ నవ్వలేదు.

ఫోన్లో ఒక్కొక్కరినీ వెతికాం. కొందరికి ముసుగులు, కొందరికి గడ్డాలు. 'చార్జర్ ఉందా' అని కొడితే నిజంగానే చార్జర్లు వచ్చాయి. 'తడి గోడ'లో జుట్టంతా మొహం మీదికి వేసుకున్న ఒక అమ్మాయి కనబడింది. ఆ జుట్టు వెనక ఎవరైనా ఉండొచ్చు, కాబట్టి మన పిల్లే అని తేల్చుకున్నాం. దాని పక్కనే 'విరామం' అని ఉంది. అది చూసి బావకి ప్రాణం కాస్త కుదుటపడింది. "ఎంతైనా పాత పద్ధతి వదల్లేదురా. మధ్యలో విరామం ఇస్తున్నారు," అన్నాడు. మా రోజుల్లో ప్రతి కచేరీ కాగితంలోనూ నడిమధ్యన ఆ మాట ఉండేది. నాకూ అందులో వింతేమీ కనబడలేదు.

ఫెస్టివల్ రోజు అక్కకి ఆస్పత్రిలో డ్యూటీ. నర్సు ఉద్యోగం కదా, సెలవు దొరకలేదు. నేనూ బావా వెళ్ళాం. పిల్ల పొద్దున్నే వెళ్ళిపోతూ "సౌండ్ మిక్సర్ గుడారం ఉంటుంది నాన్నా, దానికి ఎడమ పక్కన నిలబడు. అక్కడైతే పాడేటప్పుడు నువ్వు కనబడతావు," అని చెప్పింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గేటు దగ్గర చేతికి కాగితపు పట్టీ చుట్టారు. "ఏ వార్డండీ?" అని అడిగాడు బావ. ఆ కుర్రది అర్థంకాక మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

చెప్పిన చోటే నిలబడ్డాం. స్టేజి మీద ఒకడు గిటారు మీద టుంగు టుంగుమని, మైకులో "హా, హా" అని, మళ్ళీ టుంగుమని ఆగాడు. మేం చప్పట్లు కొట్టాం. మా ఇద్దరివే వినబడ్డాయి. అది పాట కాదట, మైకు పరీక్షట. తర్వాత 'పక్కింటి జనరేటర్' వాళ్ళు వచ్చి పరీక్ష అనిపించేలా నిజం పాట వాయించారు. అప్పుడు కొట్టాలా వద్దా అని ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చుట్టూ అందరూ కళ్ళు మూసుకుని ఊగుతున్నారు. వాళ్ళకేం వినబడుతోందో మాకు వినబడడం లేదు. బావ నిజంగా చెవి ఒగ్గి వింటున్నాడు, నుదురు ముడిపడేంతగా వింటున్నాడు. నాకు ఆయన్ని చూస్తే దిగులేసింది. ఒకప్పుడు ఇదే మైదానంలో ఈయన పక్కన నిలబడితే చాలు, పాట మొదలవకముందే దాని పేరు చెప్పేవాడు.

'తడి గోడ' వచ్చింది. బావ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. జుట్టమ్మాయి మైకు దగ్గరికి రాగానే చేతులు పైకెత్తి చప్పట్లు కొడుతూ, పక్కనున్న కుర్రాడితో "మా అమ్మాయి," అన్నాడు.

కుర్రాడు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఆవిడా అంకుల్? ఆవిడకి ఇద్దరు పిల్లలు."

జుట్టు పక్కకి తొలగింది. ఎవరో నలభై ఏళ్ళావిడ. బావ చేతులు మెల్లగా కిందికి దిగాయి. "మరి మన పిల్ల ఏదిరా?" అని నన్నడిగాడు. నాకేం తెలుసు?

వాళ్ళ పాటలయ్యాక తెర మీద 'తర్వాత: విరామం' అని పడింది.

"విరామం అంటే జనం ముందుకి తోసుకొస్తున్నారేంటి?" అన్నాడు బావ.

"ఈ కాలం వాళ్ళకి ఏది ముందో ఏది వెనకో తెలిసి ఏడ్చింది కనకనా? టీ కొట్టు ఖాళీగా ఉంటుంది, పద," అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది నేనే.

టీ కొట్టు మైదానం చివర, సామాన్లు మోసిన లారీల వెనకాల ఉంది. స్టేజి కనబడదు. కప్పులు చేతికొచ్చేసరికి దూరం నుంచి పాట మొదలైంది.

"విరామంలో రికార్డులు వేస్తున్నారా?"

"వేస్తున్నట్టున్నారు."

"మన పిల్ల గొంతులా ఉందిరా."

"ఇందాక ఇద్దరు పిల్లల తల్లిని కూడా మన పిల్లే అన్నావు బావా."

రెండో పాట వచ్చింది. బావ టీ తాగడం లేదు, కప్పు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "పైకి పాడబోయే ముందు హ్హ అని ఊపిరి లాగుతోంది చూడు. చిన్నప్పట్నుంచీ దానికి ఆ అలవాటుంది. అది మన పిల్లేరా," అని టీ కొట్టువాడి వైపు తిరిగాడు. "ఇప్పుడు పాడేది ఎవరు బాబూ?"

"విరామం."

"విరామమని తెలుసు. పాడేది ఎవరు?"

"విరామమే సార్."

"అదేనయ్యా, విరామంలో పాడుతున్నది ఎవరు అంటున్నా."

వరసలో మా వెనకున్న ఒకావిడకి జాలేసినట్టుంది. "గ్రూపు పేరే అదండీ," అంది.

బావ కప్పు నా చేతిలో పెట్టి పరిగెత్తాడు. ఆ మోకాళ్ళతో ఆయన పరిగెత్తడం నేను చూసి ఎన్నేళ్ళయిందో. రెండు కప్పులూ పారేసి నేనూ వెనకే వెళ్ళాను. కానీ ఇందాక మేం నిలబడ్డ చోటికి ఇక దారి లేదు. వీపులు, పైకెత్తిన ఫోన్లు. "మా అమ్మాయండీ, కాస్త జరగండి, మా అమ్మాయి," అంటున్నాడు బావ. ఇందాకటి కుర్రాడే అనుకుంటా, మళ్ళీనా అన్నట్టు చూశాడు. లోపలికి నాలుగు వరసలు వెళ్ళామో లేదో పాట అయిపోయింది. జనం గోల గోలగా అరిచారు. మునివేళ్ళ మీద లేస్తే తెర పక్కకి వెళ్ళిపోతున్న పిల్ల వీపు కనబడింది.

స్టేజి వెనక కంచె దగ్గర ఆమె కోసం నిలబడ్డాం. నేను ఒక అబద్ధం సిద్ధం చేసి పెట్టుకున్నాను. వెనక నుంచి విన్నామని, జనం తోసేశారని. బావకి కూడా చెప్పాను. తల ఊపాడు. పిల్ల చెమటలు కారుతూ వచ్చింది, ఇంకా ఒగురుస్తోంది.

"ఎలా ఉంది నాన్నా?"

"బా..." అని మొదలెట్టి ఆగిపోయాడు బావ. "నాకు మీ గ్రూపు పేరు తెలీదమ్మా. ఆ రోజు మిషను మోతలో వినబడలేదు. వినబడలేదని చెప్పలేకపోయాను. విరామం అంటే విరామమే అనుకుని టీకి వెళ్ళాను. వచ్చేసరికి అయిపోయింది."

పిల్ల నవ్వింది, కానీ అది పూర్తిగా నవ్వు కాదు.

"మీరు వెళ్ళిపోవడం నేను స్టేజి పక్క నుంచి చూశా," అంది. "నచ్చక వెళ్ళిపోయారనుకున్నా. ఏడుపొచ్చింది."

"అయ్యో, నచ్చక కాదమ్మా."

"ఉండు నాన్నా. చెప్పనీ. పొద్దుట్నుంచీ నువ్వు వింటావన్న భయానికి నా చేతులు చల్లబడిపోయి ఉన్నాయి. నీకు పాటల గురించి అన్నీ తెలుసు కదా. నువ్వు వెళ్ళిపోయాక, ఇంక ఏమైతే అదయిందని నోరు తెరిచా. ఇంత బాగా నేనెప్పుడూ పాడలేదు."

పాటల గురించి అన్నీ తెలుసు అన్న మాట దగ్గర బావ మొహం ఎలాగో అయిపోయింది. కాదనడానికి నోరు తెరిచి, మూశాడు.

"అయితే నేను లేకపోవడమే మంచిదయిందా?" అన్నాడు. నిష్ఠూరంగా కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

"ఏమో నాన్నా," అంది పిల్ల. ఆయన భుజానికి నుదురు ఆనించింది. "అవుననుకుంటా."

బావ ఆమె తడి జుట్టు మీద చెయ్యి వేసి నా వైపు చూశాడు. దీనికి సంతోషించాలా, బాధపడాలా చెప్పరా అన్నట్టు చూశాడు. నేను తల దించుకున్నాను.

"వచ్చే ఏడు కూడా పాడతారా?" అని ఆమెని అడిగాడు.

"పిలిస్తే పాడతాం."

"అప్పుడు నేను ఎక్కడ నిలబడను?"

పిల్ల తలెత్తి చూసింది, ఆయన వేళాకోళమాడుతున్నాడేమోనని. ఆడడం లేదు.

"టీ కొట్టు దగ్గరికి వినబడిందా నాన్నా?"

"శుభ్రంగా వినబడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, నీ గొంతని తెలిసింది."

"అయితే అక్కడే ఉండు."

"అక్కణ్ణుంచి నువ్వు కనబడవు కదమ్మా," అన్నాడు బావ.

లోపల్నుంచి ఎవరో కేకేస్తే పిల్ల "వస్తున్నా" అంది గానీ కదల్లేదు. ఆయన చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే దాన్ని సరిగ్గా పెట్టింది.

"కొన్నాళ్ళు అలా పోనీ నాన్నా," అంది.