బాపు కోసం తీసిపెట్టిన అన్నం

నిజాం మీద పోలీసు చర్య జరిగిన రోజులవి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మా ఇల్లు సికింద్రాబాద్ స్టేషన్ వెనక. రైల్వేలో పనిచేసే మా నాన్న, బాపు, డ్యూటీకి వెళ్లి ఎక్కడో చిక్కుకుపోయాడు. బయటికెళ్లిన మనిషికి అన్నం తీసిపెట్టకపోతే అరిష్టమని అమ్మ రోజూ రాత్రి ఒక పళ్లెంలో పెట్టి, పైన విస్తరాకు కప్పేది. పారేయలేక, పొద్దున అదే తమ్ముడు మల్లేశుకు తినిపించేది.

ఆ గడబిడలో పాయఖానాలో మలం ఎత్తే మనిషి రావడం మానేశాడు. అక్కడి బొద్దింకలు వంటింట్లోకి చేరాయి. మల్లేశుకు నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. దారులు తెరుచుకుని డాక్టరు వచ్చేసరికి వాడు కళ్లు తెరవడం లేదు. ఆయన వంటింట్లోకి వెళ్లి విస్తరాకు ఎత్తాడు. బొద్దింకలు చెల్లాచెదురయ్యాయి.

"పాయఖానాలకెల్లి రోగపు పురుగుల్ని గివే మోసుకొస్తయమ్మా. పిల్లగానికి గీ అన్నమేనా పెట్టింది?"



మల్లేశును మట్టిలో పెట్టిన మర్నాడు బాపు వచ్చాడు, ఆకలితో, క్షేమంగా. అమ్మ వేడన్నం వడ్డించింది.

"మల్లిగాడేడే? పిలువు, నాతోని తింటడు" అన్నాడు బాపు.

ఆ తర్వాత అమ్మ ఎవరికీ అన్నం తీసిపెట్టలేదు. ఎంత ఆలస్యంగా వచ్చినా అప్పుడే ఎసరు పెట్టేది. తర్వాత పుట్టిన తమ్ముళ్లకు పెళ్లిళ్లయ్యాక, ముందే వండొచ్చుగా అని విసుక్కునే కోడళ్లకు, అడగొద్దని నేనే సైగ చేసేదాన్ని.